టాక్సిసిటీ మోడల్ "ప్రమాదం లేదు" అన్నప్పుడు ఏం చూడాలి: ఓపెన్ సోర్స్ టూల్స్‌తో పని

అణువు నిర్మాణాన్ని స్మైల్స్ రూపంలో, అంటే ఒక వరుస అక్షరాలుగా రాసి విషప్రభావాన్ని అంచనా వేసే టూల్‌లో వేస్తే క్షణాల్లో జవాబు వస్తుంది: "మ్యుటాజెన్ కాదు," అంటే డీఎన్ఏను మార్చే పదార్థం కాదని. ఈ మాటకు మూడు అర్థాలుండొచ్చు. ఇలాంటి అణువులు శిక్షణ డేటాలో చాలా ఉన్నాయి, వాటిలో ఏదీ డీఎన్ఏను మార్చలేదు అన్నది ఒకటి. నాకిచ్చిన ప్రమాద సంకేతాల, అంటే హాని చేయగల అణు ముక్కల, జాబితాలో ఉన్నదేదీ ఇందులో కనిపించలేదు అన్నది రెండోది. ఇలాంటిదాన్ని ఎన్నడూ చూడలేదు, అడిగారు కాబట్టి ఏదో ఒకటి చెప్పాను అన్నది మూడోది. తెర మీద మాత్రం మూడూ ఒకేలా కనబడతాయి.

ఈ మూడింట్లో మన చేతికొచ్చింది ఏదో తేల్చుకోవాలంటే మోడల్ లోపలికి వెళ్ళి చూడగలగాలి. శిక్షణ డేటా, నియమాలు, కోడ్ తెరిచి ఉన్న టూల్స్‌కి ఉన్న అసలు విలువ ఇక్కడే. డబ్బు మిగలడం తర్వాతి సంగతి. ఉచితం, ఓపెన్ సోర్స్ ఒకటి కావని కూడా గుర్తుంచుకోవాలి. అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ వారి క్యూసార్ (నిర్మాణాన్ని బట్టి గుణాన్ని అంచనా వేసే) టూల్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది, చాలా పనికొస్తుంది, కానీ దాని సోర్స్ కోడ్ బయట లేదు.

ఏ టూల్ దేనికి

టాక్స్‌ట్రీ నియమాల మీద నడిచేది. యూరోపియన్ కమిషన్ పరిశోధనా కేంద్రం కోసం బల్గేరియాకు చెందిన ఐడియాకన్సల్ట్ తయారుచేసింది, జావాలో నడుస్తుంది. విషప్రభావాన్ని బట్టి మూడు తరగతులుగా విడదీసే 1978 నాటి క్రేమర్ వర్గీకరణ, మ్యుటాజెనిసిటీకీ క్యాన్సర్‌కీ బెనిగ్ని-బొస్సా నియమాలు, జలచరాల విషయంలో వెర్హార్ పద్ధతి ఇందులో ఉన్నాయి. ఏ నియమం దగ్గర అవును అంది, ఏ నియమం దగ్గర కాదంది అన్నది మెట్టు మెట్టుగా చూపిస్తుంది. తప్పు జవాబు వచ్చినా ఎక్కడ తప్పిందో కనిపెట్టవచ్చు.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చే టి.ఇ.ఎస్.టి. గణాంక పద్ధతిది. ఫ్యాట్‌హెడ్ మిన్నో చేప మీద 96 గంటల ఎల్‌సీ50 (సగం జీవులను చంపే గాఢత), డాఫ్నియా మాగ్నా అనే చిన్న జలచరం మీద 48 గంటల ఎల్‌సీ50, ఎలుకలో నోటి ద్వారా ఎల్‌డీ50 (సగం జంతువులను చంపే మోతాదు), బాక్టీరియాతో చేసే ఏమ్స్ పరీక్షలో మ్యుటాజెనిసిటీ వంటివి అంచనా వేస్తుంది. ఒక్కో దానికీ పలు పద్ధతులు నడిపి, అణువు తమ పరిధిలో, అంటే నమ్మదగ్గ అంచనా ఇవ్వగల హద్దులో, ఉందని చెప్పిన వాటి సగటును ఉమ్మడి జవాబుగా ఇస్తుంది. చాలామంది ఆ ఉమ్మడి అంకె చూసి మూసేస్తారు. నిజానికి చూడాల్సింది దాని కింద ఉండే పట్టిక: దగ్గరి పోలిక ఉన్న రసాయనాలు, వాటి ప్రయోగ విలువలు, వాటి మీద మోడల్ చేసిన తప్పు. పోలిక ఉన్నవాటి మీదే మోడల్ తప్పుతుంటే మీ అణువు దగ్గర ఒప్పవుతుందనుకోవడానికి కారణం లేదు.

మిలాన్‌లోని మారియో నెగ్రి సంస్థ నుంచి వచ్చే వేగా ఈ పనిని ఇంకా పద్ధతిగా చేస్తుంది. ప్రతి అంచనాకూ 0 నుంచి 1 మధ్య ఒక పరిధి సూచిక ఇచ్చి, ఆరు దగ్గరి అణువులను బొమ్మలతో సహా చూపిస్తుంది. ఒపేరా అనే మరో అంచనా టూల్ కోడ్ తెరిచే ఉంది, కానీ మ్యాట్‌ల్యాబ్‌లో రాసింది. నడపడానికి ఉచిత రన్‌టైమ్ చాలు. మార్చాలంటే మాత్రం మ్యాట్‌ల్యాబ్ కావాలి. సొంతంగా మోడల్ కట్టుకోవాలంటే పైథాన్‌లో ఆర్‌డీకిట్, జావాలో సీడీకే అనే రసాయన లైబ్రరీలు ఉన్నాయి. అణువును పరమాణువుల వలగా చదివే గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్ కావాలనుకుంటే కెమ్‌ప్రాప్ ఉంది. కొన్ని వేల అణువులే ఉన్నచోట చాలా నిర్ణయ చెట్ల ఓట్లు కలిపే మామూలు రాండమ్ ఫారెస్ట్ కంటే అది ఎప్పుడూ మెరుగని ముందే అనుకోకండి, రెండూ నడిపి చూడండి.

నిర్మాణం శుభ్రం చేయడం

తప్పుల్లో పెద్ద వాటా ఇక్కడే పుడుతుంది. మోడల్‌ని తిట్టే ముందు దానికి ఏ అణువు ఇచ్చామో చూసుకోవాలి.

ముందు క్యాస్ నంబర్లు, అంటే ప్రతి రసాయనానికీ ఇచ్చే గుర్తింపు నంబర్లు. ఎక్సెల్ వాటిలో కొన్నింటిని తేదీలుగా మార్చేస్తుంది, కాబట్టి ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా దిగుమతి చేసుకోవాలి. చివరి అంకె తనిఖీ అంకె. దాన్ని వదిలి మిగతావాటిని కుడి నుంచి ఎడమకు 1, 2, 3 చొప్పున గుణించి కూడితే, మొత్తంలో చివరి అంకె దానితో కలవాలి. నీటి నంబరు 7732-18-5 తీసుకుంటే 8×1, 1×2, 2×3, 3×4, 7×5, 7×6 కలిపి 105. చివరి అంకె 5, సరిపోయింది. పది వరుసల స్క్రిప్టుతో అయిపోయే పని ఇది, జాబితాలో దొర్లిన టైపింగ్ తప్పుల్ని చాలావరకు పట్టేస్తుంది.

తర్వాత లవణాలు. సోడియం బెంజోయేట్ ఇస్తే సోడియాన్ని తీసేసి బెంజోయిక్ ఆమ్లంగా మార్చాలి. దీనికి "అన్నిటికంటే పెద్ద ముక్కను ఉంచు" అనే సూత్రం వాడతారు. ఎక్కువసార్లు పనిచేస్తుంది, కానీ హైడ్రాక్సిజిన్ అనే మందుకు పామోయిక్ ఆమ్లంతో చేసిన లవణం, హైడ్రాక్సిజిన్ పామోయేట్ దగ్గర చూడండి. హైడ్రోజన్లను వదిలి లెక్కపెడితే హైడ్రాక్సిజిన్‌లో 26 పరమాణువులు, పామోయిక్ ఆమ్లంలో 29. అంటే మందు పోయి లవణం కోసం కలిపిన ఆమ్లం మిగులుతుంది. హైడ్రోజన్లతో కలిపితే 53, 45. ఈసారి మందే మిగులుతుంది. ఒకే సూత్రం, లెక్కపెట్టే తీరును బట్టి రెండు వేర్వేరు అణువులు. అందుకే తెలిసిన ప్రతి-అయాన్ల (లవణంలో మందుకు జోడీగా ఉండే ముక్కల) జాబితా ఒకటి పెట్టుకుని ముందు వాటిని తీసేసి, ఆ తర్వాత కూడా రెండు పెద్ద ముక్కలు మిగిలితే ఆ వరుసను చేత్తో చూడటానికి పక్కన పెట్టడం మేలు.

ఆవేశాలను తటస్థం చేయాలి, క్వాటర్నరీ అమోనియం మాత్రం అలాగే ఉండాలి. అక్కడ తీయడానికి హైడ్రోజన్ లేదు. నైట్రో గ్రూపును కొన్ని డేటాబేసులు ఐదు బంధాల నైట్రోజన్‌గా రాస్తాయి, కొన్ని ధన ఋణ ఆవేశాలు విడదీసి రాస్తాయి. మీ ప్రమాద సంకేతం ఒక రాతకే సరిపోయేలా రాసి ఉంటే రెండో రాతలో వచ్చిన నైట్రో అరోమాటిక్ అణువు దర్జాగా దాటిపోతుంది. ఆర్‌డీకిట్ చదివేటప్పుడే దీన్ని ఒకే రూపానికి తెస్తుంది. వేరే టూల్స్‌తో చదివిన ఫైలు కలిపేటప్పుడే చిక్కు. అకర్బన పదార్థాలు, లోహ సమ్మేళనాలు, పాలిమర్లు, మిశ్రమాలు ఈ మోడళ్ళకు సంబంధించినవి కావు. వాటిని మొదట్లోనే తీసి, తీసిన కారణం ఒక కాలమ్‌లో రాసి పెట్టాలి.

చివరగా ఒకే అణువు రెండుసార్లు రాకుండా ఇన్‌చీకీ, అంటే నిర్మాణం నుంచి వచ్చే గుర్తింపు కోడ్, చూడాలి. మొత్తం 27 అక్షరాల్లో మొదటి 14 పరమాణువుల అనుసంధానాన్ని చెబుతాయి, త్రిమితీయ అమరిక తర్వాతి భాగంలో ఉంటుంది. మీ మోడల్ వాడే ఫింగర్‌ప్రింట్ (అణువులో ఏ ముక్కలున్నాయో 0, 1లుగా రాసిన వరుస) ఎడమ కుడి రూపాల తేడా పట్టించుకోకపోతే మొదటి 14 అక్షరాలతోనే డూప్లికేట్లు పట్టాలి. లేకపోతే ఒకే వర్ణన గల అణువు శిక్షణలోనూ పరీక్షలోనూ ఉండి, మార్కులు ఊరికే పెరుగుతాయి. రెండు రికార్డులు పరస్పరం విరుద్ధంగా ఉంటే మెజారిటీ తీసుకోవడం కంటే అసలు ప్రయోగాల్ని చూడటం మంచిది, అది కుదరకపోతే రెండింటినీ వదిలేయాలి.

ఏమ్స్ మోడల్ సొంతంగా కట్టడం

మొదలుపెట్టడానికి ఏమ్స్ పరీక్ష కంటే అనువైనది లేదు. బాక్టీరియా మీద చేసే పరీక్ష, ఫలితం అవును కాదుల్లో ఉంటుంది, డేటా చాలా ఉంది. 2009లో వచ్చిన బెంచ్‌మార్క్ సెట్‌లో 6,512 అణువులున్నాయి: 3,503 మ్యుటాజెన్లు, 3,009 కానివి. దాదాపు సమానం కాబట్టి తరగతుల అసమతౌల్యం బాధ కూడా తక్కువ.

ఆర్‌డీకిట్‌లో వ్యాసార్థం 2తో, 2048 బిట్ల మోర్గన్ ఫింగర్‌ప్రింట్ తీసి, 500 చెట్ల రాండమ్ ఫారెస్ట్ వేయండి. డేటాను యాదృచ్ఛికంగా విడదీస్తే ఒకే పేపర్‌లో వచ్చిన ఒకే కుటుంబపు అణువులు రెండు వైపులా చేరతాయి. అందుకని అణువు మూల అస్థిపంజరాన్ని, అంటే స్కాఫోల్డ్‌ను బట్టి 80, 20గా విడదీయాలి. మార్కులు తగ్గుతాయి, కొత్త రసాయనం వచ్చినప్పుడు మోడల్ ఎలా ఉంటుందో ఆ తగ్గిన మార్కులే దగ్గరగా చెబుతాయి. సెన్సిటివిటీ (మ్యుటాజెన్లలో ఎన్నిటిని పట్టింది), స్పెసిఫిసిటీ (కానివాటిలో ఎన్నిటిని కాదంది) విడివిడిగా చూడాలి. ఒక్క "అక్యురసీ" అంకె చాలదు, ఎందుకంటే మ్యుటాజెన్‌ను వదిలేయడం, అమాయకమైన అణువును అనుమానించడం ఒకే బరువున్న తప్పులు కావు.

వేర్వేరు ప్రయోగశాలల్లో చేసిన ఏమ్స్ ఫలితాలే సుమారు 85 శాతం సార్లు ఒకదానితో ఒకటి కలుస్తాయన్నది ఈ రంగంలో తరచూ వాడే అంచనా. మీ మోడల్ 95 శాతం చూపిస్తే సంబరపడకండి. డూప్లికేట్లు రెండు వైపులా చేరాయేమో వెతకండి.

ఇక పరిధి. ప్రతి కొత్త అణువుకూ శిక్షణ సెట్‌లో అన్నిటికంటే దగ్గరి దానితో టానిమోటో పోలిక (రెండు ఫింగర్‌ప్రింట్లు ఎంత కలుస్తాయో 0 నుంచి 1 మధ్య చెప్పే అంకె) లెక్కించాలి. ఎంత ఉంటే చాలు అంటే ఒకే అంకె చెప్పడం కుదరదు. 166 కీల మ్యాక్స్ ఫింగర్‌ప్రింట్‌లో 0.7 మామూలే, మోర్గన్‌లో 0.7 అంటే చాలా దగ్గరి చుట్టం. ఒక పేపర్‌లోని హద్దును ఇంకో ఫింగర్‌ప్రింట్ మీద పెట్టడం నిత్యం కనిపించే పొరపాటు. సరైన దారి: పరీక్ష సెట్‌లోని అణువులను పోలికను బట్టి 0.1 వెడల్పు గల గుంపులుగా చేసి, గుంపు గుంపుకూ తప్పుల శాతం గీయండి. పోలిక తగ్గేకొద్దీ తప్పుల గీత ఎక్కడ ఎగబాకుతుందో అదే మీ హద్దు. చిన్న అణువుల దగ్గర ఈ లెక్క అంత నమ్మదగింది కాదు, ఆన్ అయ్యే బిట్లే పదో పదిహేనో ఉంటాయి కాబట్టి ఒక్క బిట్ తేడాకే అంకె ఎగిరి పడుతుంది.

ఇంకాస్త గట్టిగా కావాలంటే కన్ఫార్మల్ ప్రెడిక్షన్ వాడొచ్చు. శిక్షణ డేటాలో ఓ 20 శాతం పక్కన పెట్టి, వాటి మీద మోడల్ ఎంత తడబడిందో కొలిచి, కొత్త అణువు ఆ కొలతలో ఎక్కడుందో చూస్తారు. రెండు తరగతులకూ విడివిడిగా చేయాలి. 80 శాతం నమ్మకం అడిగితే జవాబు నాలుగు రకాలుగా రావచ్చు: మ్యుటాజెన్, కాదు, రెండూ కావచ్చు, ఏదీ కాదు. "రెండూ" అంటే మోడల్ తేల్చుకోలేకపోయిందని. "ఏదీ కాదు" అంటే ఇలాంటిది దానికి తెలియదని. మొదట్లో చెప్పిన మూడో రకం జవాబు ఇక్కడ బట్టబయలవుతుంది. ఈ పద్ధతి ఇచ్చే హామీ కూడా కొత్త అణువులు పాతవాటి లాంటి గుంపు నుంచే వచ్చినప్పుడే చెల్లుతుందన్నది మరవకూడదు.

నియమాలూ గణాంకాలూ విభేదిస్తే

మందుల్లోని మలినాలకు సంబంధించిన ఐసీహెచ్ ఎం7 మార్గదర్శకం రెండు పద్ధతులు అడుగుతుంది: ఒకటి నిపుణుల నియమాలది, రెండోది గణాంకాలది. రెండూ కాదంటే, పైగా నిపుణులు పరిశీలించి ఒప్పుకుంటే, ఆ మలినాన్ని మ్యుటాజెన్ కానిదిగా తీసుకోవచ్చు. జోడీగా టాక్స్‌ట్రీలోని బెనిగ్ని-బొస్సా నియమాలు, టి.ఇ.ఎస్.టి. గానీ వేగాలోని గణాంక మోడల్ గానీ నడిపి చూడవచ్చు. వేగాలోని ఏమ్స్ మోడళ్ళలో ఒకటి బెనిగ్ని-బొస్సా నియమాలదే, దాన్ని టాక్స్‌ట్రీ పక్కన పెట్టి "రెండు టూల్స్ ఒప్పుకున్నాయి" అంటే ఒకే సాక్షిని రెండుసార్లు పిలిచినట్టే.

విభేదిస్తే ముందు సంకేతం ఎక్కడ పడిందో చూడండి. అరోమాటిక్ అమీన్ అని టాక్స్‌ట్రీ ఎత్తి చూపింది అనుకుందాం. అదే సంకేతం, అదే చుట్టుపక్కల గ్రూపులు ఉన్న అణువులు శిక్షణ డేటాలో ఎన్ని ఉన్నాయి, ఎన్ని నిజంగా పాజిటివ్? ఆర్‌డీకిట్‌లో ఉపనిర్మాణ శోధనతో నిమిషంలో లెక్క తేలుతుంది. బెనిగ్ని-బొస్సా నియమాల్లోనే మినహాయింపులున్నాయి: అదే వలయం మీద సల్ఫోనిక్ ఆమ్లం గ్రూపు ఉంటే అమీన్ సంకేతం మోగదు. ఇలాంటి మినహాయింపులను గణాంక మోడల్ తనంతట తాను నేర్చుకుందని అనుకోవద్దు.

సంకేతం లేకపోవడం మాత్రం ఏ రుజువూ కాదు. నియమాల పద్ధతిలో "కాదు" అంటే "నా జాబితాలో లేదు" అని, అంతే. దీనికి జీవక్రియను కూడా కలుపుకోవాలి. బెంజో[ఎ]పైరీన్ తనంతట తానుగా డీఎన్ఏ జోలికి పోదు. కాలేయ ఎంజైములు దాన్ని డయోల్ ఎపాక్సైడ్‌గా మార్చాకే ప్రమాదం. మీ అణువు శరీరంలో ఏమవుతుందో ఊహించగలిగితే, ఆ ఉత్పన్నాల్ని కూడా టూల్‌లో వేసి చూడాలి.

టాక్స్‌ట్రీ క్రేమర్ తరగతుల సంగతి కూడా ఇక్కడే. ఒకటో తరగతికి మనిషికి రోజుకు 1,800 మైక్రోగ్రాములు, రెండుకు 540, మూడుకు 90 అని పరిమితులు వాడతారు. 60 కిలోల బరువుకు కిలోకు 30, 9, 1.5 అన్నమాట. టాక్స్‌ట్రీలో అసలు నియమాలు, విస్తరించిన నియమాలు రెండూ వేర్వేరుగా ఉన్నాయి, కొన్ని అణువులకు తరగతి మారిపోతుంది. ఏది వాడారో రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. నైట్రోసమీన్లు, అఫ్లటాక్సిన్ తరహా పదార్థాలు ఈ లెక్కకు లొంగవు.

ఎల్‌డీ50 అంకెలు

అవును కాదుల కంటే అంకె అంచనా కష్టం. ముందు యూనిట్లు: కిలోకు మిల్లీగ్రాముల్లో ఉన్నదాన్ని మోల్స్‌లోకి మార్చి ఋణ లాగరిథమ్ తీశాకే మోడల్ కట్టాలి. లేకపోతే బరువైన అణువులు ఉత్తి పుణ్యానికి మంచివిగా కనబడతాయి. ఎలుకల ప్రయోగాలే ఒకే పదార్థానికి ఒకే విలువ ఇవ్వవు కాబట్టి, 290 అని వచ్చిన అంచనాను 300 హద్దుకు ఇవతల అని గట్టిగా వాదించడం దండగ. రసాయనాల ప్రమాద వర్గీకరణ పద్ధతి జీహెచ్ఎస్ హద్దులు కిలోకు మిల్లీగ్రాముల్లో 5, 50, 300, 2,000, 5,000. హద్దు దగ్గర పడితే రెండు వర్గాలూ సాధ్యమని రాయాలి.

పోలిక మీద ఆధారపడే ప్రతి పద్ధతీ బోల్తా పడే చోటు ఒకటుంది. ఎసిటిక్ ఆమ్లంలో ఒక హైడ్రోజన్ స్థానంలో ఫ్లోరిన్ పెడితే ఫ్లోరోఅసిటిక్ ఆమ్లం. మొదటిదాని ఎల్‌డీ50 ఎలుకలో కిలోకు 3,000 మిల్లీగ్రాముల పైన. రెండోదాని సోడియం లవణం కిలోకు కొద్ది మిల్లీగ్రాములకే చంపుతుంది. శరీరం దాన్ని ఫ్లోరోసిట్రేట్‌గా మార్చి, అది అకోనిటేజ్ ఎంజైమును ఆపి, కణానికి శక్తి ఇచ్చే క్రెబ్స్ చక్రాన్ని మూసేస్తుంది. ఒక్క పరమాణువు తేడా. పొరుగు అణువుల్లో ఒకటి మాత్రం మిగతావాటికి వందల రెట్లు దూరంగా కనిపిస్తే దాన్ని సగటులో కలిపేయకుండా యంత్రాంగం ఏమిటో చదవాలి.

చేపల ఎల్‌సీ50కి ఒక సులువైన తనిఖీ ఉంది. అంచనా వేసిన గాఢత ఆ పదార్థం నీటిలో కరిగే పరిమితి కంటే ఎక్కువైతే ఆ అంకెకు అర్థం లేదు, అంత కరగదు కదా.

కణాల పరీక్షల నుంచి మోతాదుకు

వేల రసాయనాలను కణాల మీద పరీక్షించిన టాక్స్21 డేటాను మోడళ్ళ పోటీకి చాలామంది వాడతారు. అందరికీ తెలిసిన రూపంలో 7,831 అణువులు, 12 పరీక్షలు. ఇందులో ఖాళీ గడులు బోలెడు. ఖాళీ అంటే పరీక్ష ఫలితం లేదని, నెగటివ్ అని కాదు. వాటిని సున్నాలతో నింపి శిక్షణ ఇచ్చిన కోడ్ ఇంకా చలామణిలో ఉంది. ఆ 12లో ఒకటైన పిపార్-గామా పరీక్షలో పాజిటివ్‌లు 100కు సుమారు 3 మాత్రమే, కాబట్టి అన్నిటికీ "కాదు" అనే మోడల్‌కి 97 శాతం అక్యురసీ వస్తుంది. ప్రిసిషన్ (అవునన్నవాటిలో ఎన్ని నిజం), రీకాల్ (నిజమైన పాజిటివ్‌లలో ఎన్ని దొరికాయి) చూడాలి. కణాలు చచ్చిపోయే గాఢత దగ్గర కనిపించిన "స్పందన" కూడా నిజం స్పందన కాకపోవచ్చు, అందుకే సైటోటాక్సిసిటీ (కణాలు చావడం) ఫలితాన్ని పక్కనే పెట్టుకోవాలి.

పళ్ళెంలోని గాఢతను మనిషి మోతాదుగా మార్చడానికి ఈపీఏ వారి ఆర్ ప్యాకేజీ ఎచ్‌టీటీకే ఉంది. ప్లాస్మాలో ప్రోటీన్లకు అంటుకోకుండా మిగిలే భాగం, కాలేయ కణాలు పదార్థాన్ని తొలగించే వేగం ఇస్తే, రోజుకు కిలోకు 1 మిల్లీగ్రాము తీసుకునేవారి రక్తంలో నిలకడగా ఎంత గాఢత ఉంటుందో లెక్కిస్తుంది. ఉదాహరణకు ఆ గాఢత 1.5 మైక్రోమోలార్ అనుకుందాం, కణాల్లో స్పందన 3 దగ్గర వచ్చింది అనుకుందాం. 3ని 1.5తో భాగిస్తే రోజుకు కిలోకు 2 మిల్లీగ్రాములు. సగటు మనిషికి కాక, తొలగింపు నెమ్మదిగా ఉండే 95వ పర్సెంటైల్ మనిషికి లెక్కించాలి. పళ్ళెంలో వేసిన మోతాదంతా కణాలకు చేరదు, కొంత ప్లాస్టిక్‌కూ సీరానికీ అంటుకుంటుంది. కొవ్వులో బాగా కరిగే పదార్థాల దగ్గర ఈ తేడా చిన్నది కాదు.

రిపోర్టులో

టూల్ పేరు, వెర్షన్, ఇచ్చిన స్మైల్స్, శుభ్రం చేశాక మిగిలిన స్మైల్స్, పరిధి సూచిక, దగ్గరి అణువులు, వాటి ప్రయోగ విలువలు ఉండాలి. అణువు శిక్షణ సెట్‌లోనే ఉంటే అది అంచనా కాదు, జ్ఞాపకం. ప్రయోగ విలువ అనే పేరుతోనే రాయాలి. 2004లో ఓఈసీడీ పెట్టిన ఐదు సూత్రాల్లో పరిధి ఒకటి, కాబట్టి "పరిధి బయట, అంచనా ఇవ్వడం లేదు" అని రాయడం తప్పించుకోవడం కాదు, అది కూడా ఒక ఫలితమే.

అలా వచ్చినప్పుడు తర్వాతి మెట్టు నిజం ఏమ్స్ పరీక్ష, ఓఈసీడీ 471 పరీక్షా మార్గదర్శకం ప్రకారం కనీసం ఐదు బాక్టీరియా రకాలతో. బతికి ఉన్న జంతువు అక్కర్లేదంటారు, కానీ పరీక్షలో కలిపే, కాలేయ ఎంజైములున్న ఎస్9 మిశ్రమం మామూలుగా రసాయనాలతో ప్రేరేపించిన ఎలుకల కాలేయం నుంచే వస్తుంది. మనిషి కాలేయపు ఎస్9 దొరుకుతుంది. దానితో వచ్చిన ఫలితాన్ని పాత మోడల్‌తో పోల్చేటప్పుడు, ఆ మోడల్ నేర్చుకున్నది ఎక్కువగా ఎలుక, హామ్‌స్టర్ ఎస్9 డేటా నుంచి అన్న సంగతి పక్కనే రాసి పెట్టుకోవాలి.